తలుపు వెనక మేకుకు వేలాడిన హెల్మెట్టు

ఏటా ఎండాకాలం చివర, తొలకరికి ముందు, మా ఆసుపత్రికి ఒక తరహా గాయాలు వస్తాయి. ఈదురుగాలులు మొదలవుతాయి. వేప కొమ్మలు, కానుగ కొమ్మలు కరెంటు తీగల మీదికీ ఇంటి రేకుల మీదికీ వాలుతాయి. ఆదివారం సెలవు. ఇంటాయన ఎవరినో అడిగి చెట్లు కోసే మిషను తెచ్చుకుంటాడు. పది గంటలయ్యేసరికి మా కాజువాలిటీ బల్ల మీద ఉంటాడు.

కొన్నేళ్ల కిందట గోదావరిఖనిలో అట్లాగే ఒకతన్ని ఆటోలో తీసుకొచ్చారు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. ఎడమ తొడకు తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలు తడిసి, ఆటోలో కాళ్లు పెట్టే చోట కూడా నెత్తురు మడుగు కట్టింది. మా ఊళ్లో ఇటువంటి దెబ్బ చూస్తే ముందు గని గుర్తుకొస్తుంది గనుక అడిగాను.

"ఏమయ్యా, బాయిలో తగిలిందా?"

"కాదు సార్. ఇర్వై నాలుగేండ్ల సంది బాయిల దిగుతున్న. ఒక్క గీత గూడ పడలే. ఇంటి ముంగట యాప కొమ్మ కోస్తుంటే తాకింది."

వెనక నిలబడ్డ అతని భార్య అంది: "టోపీ, బూట్లు తలుపెనక మేకుకే ఉన్నయి సారూ. యాదికే రాలె. లుంగి మీదనే పోయిండు."

ఆమె మాట నేను ఇంతవరకు మరచిపోలేదు. ఈ వారం శీర్షికంతా ఆ మాట గురించే.

అతను కొమ్మ కోయడం అయిపోయింది. మిషను మీట వదిలేశాడు. మీట వదిలినా గొలుసు వెంటనే ఆగదు. ఒకటి రెండు క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. అలసిపోయిన చేతులతో మిషనును కిందికి దించాడు. ఎడమ మోకాలికి నాలుగు అంగుళాల పైన తాకింది. లుంగీ అడ్డమా? మోకాలిని చాపే కండరమూ, దాని నరం వంటి గట్టి తాడూ తెగిపోయాయి. పెద్ద ధమని తప్పుకుంది కాబట్టి బతికాడు. కరీంనగరంలో శస్త్రచికిత్స జరిగింది. గాయం మానింది. మోకాలు మాత్రం పూర్తిగా వంగదు. బావిలో దిగే పని పోయి, పైన తేలిక పనికి మారాడు. డ్యూటీలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఉంటుంది. ఇంటి ముందు వేప కొమ్మకు ఎవరిస్తారు?

మా ప్రాంతంలో రక్షణ అంటే ఏమిటో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు గని గేటు దగ్గర నిలబడిన కుటుంబాలు ఇంకా ఇక్కడే ఉన్నాయి. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలలోనూ, వాటి స్థానంలో 2017లో వచ్చిన నిబంధనలలోనూ హెల్మెట్టు, బూట్లు లేకుండా గనిలోకి దిగడం కుదరదు. అవి లేనివాణ్ని తోటి కార్మికులే ఆపుతారు. మరి అదే మనిషి ఇంటికి వచ్చి, లుంగీ కట్టుకుని, హవాయి చెప్పులతో, గనిలోని ఎన్నో పనిముట్లకన్న ప్రమాదమైన మిషనును పట్టుకుంటే ఎవరూ ఆపరెందుకు? చెట్టు మనది, వాకిలి మనది, పని ఐదు నిమిషాలది అన్న ధీమా. ఆ మిషనుకు మాత్రం గని ఏదో వాకిలి ఏదో తెలియదు.

ఈ రంపం మా వైద్యులదే!

దుకాణంలో చెయిన్ సా అంటారు. మనవాళ్లు రంపం మిషను అంటారు. గొలుసు రంపాన్ని మొదట తయారు చేసింది చెట్ల కోసం కాదని చెబితే చాలామంది నమ్మరు. 18వ శతాబ్దం చివర స్కాట్లండులో జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు వైద్యులు పళ్లున్న చిన్న గొలుసును చేత్తో లాగి ఎముకను కోసే పద్ధతి పెట్టారు. కాన్పు కష్టమైనప్పుడు కటి భాగంలో మృదులాస్థిని కోయడానికి, చెడిపోయిన ఎముకను తీసెయ్యడానికి దానిని వాడారు. 1830 ప్రాంతంలో జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనె అనే ఆయన పిడి తిప్పితే గొలుసు తిరిగే ఎముకల రంపం చేశాడు. ఆ తర్వాత ఎంతో కాలానికి, 1926లో, ఆండ్రియాస్ ష్టీల్ కరెంటుతో నడిచే చెట్ల రంపం తయారు చేశాడు. పెట్రోలుతో నడిచేది 1929లో వచ్చింది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఎముకను కోయడానికే పుట్టిన గొలుసు ఇది. అప్పుడు చేత్తో తిప్పేవారు. ఇప్పుడు సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరుగుతోంది. కత్తి కోస్తే గాయం సన్నగా ఉంటుంది. అంచులు కలిపి కుట్టవచ్చు. ఈ గొలుసు కోయదు, చెక్కేస్తుంది. చర్మం, కండ, నరం ముక్కలై ఎగిరిపోతాయి. రంపపు పొట్టు, నూనె, బట్ట పీలికలు గాయం లోపలికి పోతాయి. కుట్టడానికి మాకు అంచులే దొరకవు.

దెబ్బ ఎట్లా తగులుతుంది?

మూడు విధాలుగా. మొదటిది ఇందాక చెప్పినదే. కోత అయిపోయాక, గొలుసు ఆగకముందే మిషను కాలికి తాకడం. ఈ మిషను గాయాలలో కాళ్లవీ, ఎడమ చేతివీ ఎక్కువ.

రెండవది ఎదురుతన్ను. మిషనుకు ముందున్న పొడుగాటి పట్టీ కొస పైభాగం కొమ్మకో, దుంగకో, రాయికో తగిలితే పట్టీ మొత్తం పైకి లేచి, కోసేవాడి ముఖం వైపు, మెడ వైపు, ఎడమ భుజం వైపు ఎగిరివస్తుంది. ఇదంతా సెకనులో పదో వంతు కాలంలో జరిగిపోతుంది. మనిషి కన్ను చూసి, మెదడుకు తెలిసి, చెయ్యి కదలడానికి పావు సెకను పడుతుంది. అంటే ఎంత చురుకైనవాడైనా తప్పించుకోలేడు. 'నాకు పదేళ్ల అలవాటు' అనే మాట ఇక్కడ పనికిరాదు.

మూడవది పైనుంచి. కోసిన కొమ్మ అనుకున్న వైపు పడదు. ఎండిపోయిన ఇంకో కొమ్మ, ఎప్పుడో విరిగి అక్కడే చిక్కుకుని ఉన్నది, అదురుకు జారి నెత్తిన పడుతుంది.

ఇవి నెత్తురు కనిపించే దెబ్బలు. నెత్తురు కనిపించని దెబ్బలు ఇంకా ఉన్నాయి. మంథని వైపు నుంచి ఒక సోదరి ఉత్తరం రాసింది. తన తమ్ముడు కూలికి చెట్లు కోస్తాడట. చలికాలం ఉదయాన వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి మొద్దుబారుతున్నాయట. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టంగా ఉందట. పిలిస్తే పలకడట, రాత్రిళ్లు చెవిలో ఈల వేసినట్టు ఉంటోందట. 'ఎవరైనా చేతబడి చేశారా?' అని అడిగింది.

అమ్మా, ఎవరూ చేతబడి చేయలేదు. చేసింది మిషనే. ఏళ్ల తరబడి అదిరే పనిముట్టును పట్టుకున్నవారికి వేళ్లలోని సన్నని రక్తనాళాలు, స్పర్శ నరాలు చెడిపోతాయి. 1918లోనే అమెరికాలోని బెడ్‌ఫర్డ్ రాతి క్వారీలలో డ్రిల్లింగు కార్మికుల చేతులను పరీక్షించి ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు దీనిని గురించి రాసింది. మొదట్లో గుర్తించి పని తగ్గిస్తే కొంతవరకు నయమవుతుంది. ముదిరితే తిరిగి రాదు. మీ తమ్ముడు బీడీ మానాలి, చలిలో చేతులు వెచ్చగా ఉంచుకోవాలి, మిషను పిడికి అదురును ఆపే రబ్బర్లు అరిగిపోతే మార్పించాలి, మధ్య మధ్య పని ఆపాలి.

ఇక చెవి సంగతి. 85 డెసిబెల్స్ చప్పుడును రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదని లెక్క. చప్పుడు మూడేసి డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ గడువు సగమవుతుంది. ఈ మిషను చప్పుడు 100 దాటుతుంది. 100 దగ్గర గడువు పదిహేను నిమిషాలే. లోపలి చెవిలో చప్పుడును పట్టే సన్నని కణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. దానికి మా దగ్గర మందు లేదు. మీ తమ్ముణ్ణి వినికిడి పరీక్షకు తప్పకుండా పంపండి. చెవులకు మూత లేకుండా ఇక మిషను పట్టనీయకండి.

తల నుంచి పాదం దాకా

గని కార్మికుల ఇంట్లో సగం సామాను ఇప్పటికే ఉంది. మిగతా సగం కొనుక్కోవాలి. వరుసగా చెబుతాను.

తల: హెల్మెట్టు తప్పనిసరి. గనిలో వాడేది పైనుంచి పడే కొమ్మను ఆపుతుంది. పగులు ఉన్నది, ఒకసారి పెద్ద దెబ్బ తిన్నది పనికిరాదు. ఎండకు పెళుసెక్కినదీ వద్దు. కొత్తది కొంటే ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. చెట్లు కోసేవారి కోసం ముఖానికి జాలీ, చెవులకు మూతలు కలిపి ఉన్న హెల్మెట్లు వస్తాయి. ఈ పనే చేసేవారు అది కొనుక్కోవడం మేలు.

కళ్లు: జాలీ ఒక్కటే చాలదు. సన్నని పొట్టు దాని సందుల్లోంచి వస్తుంది. లోపల ప్లాస్టిక్ గాగుల్స్ పెట్టుకోవాలి. చత్వారం కళ్లద్దాలు గాగుల్స్ కావు.

చెవులు: రెండు చెవులనూ పూర్తిగా కప్పే మూతలు, లేదా చెవిలో పెట్టుకునే స్పాంజి బిరడాలు. దూది ఉండలు పెట్టుకుంటే మనసుకు తృప్తి తప్ప చెవికి రక్షణ లేదు.

చేతులు: చేతికి సరిగ్గా పట్టే తోలు గ్లౌజులు. వదులుగా ఉన్నవి పట్టు తప్పిస్తాయి.

కాళ్లు: మనవాళ్లు అసలు వినని సంగతి ఇది. ఈ పనికని ప్రత్యేకమైన ప్యాంటు, లేదా ప్యాంటు మీద కట్టుకునే కాళ్ల తొడుగు దొరుకుతుంది. దానిలో పొడుగాటి దారాలు పొరలు పొరలుగా ఉంటాయి. గొలుసు తగలగానే పై గుడ్డ తెగి, ఆ దారాలు బయటికి లాగబడి, గొలుసు తిరిగే పళ్ల చక్రానికి చుట్టుకుని మిషనును ఆపేస్తాయి. ఒకసారి తెగిన తొడుగును కుట్టి మళ్లీ వాడకూడదు. కరెంటు మిషను లాగుడు బలం వేరు కాబట్టి దానిని ఈ దారాలు ఆపుతాయన్న నమ్మకం లేదు. జీన్సు ప్యాంటు మందంగా ఉంటుంది గదా అంటారు. ఈ గొలుసుకు జీన్సూ ఒకటే, అరిటాకూ ఒకటే.

పాదాలు: ముందు ఇనుప తొడుగున్న బూట్లు. గని బూట్లు ఉన్నవారు అవే వేసుకోవచ్చు.

లుంగీ, భుజం మీద కండువా, వదులు చొక్కా, మెడలో వేలాడే గొలుసు ఇవన్నీ ఇంట్లోనే విడిచి రండి.

నాకు ఎదురయ్యే మాటలు

'సార్, రామగుండం ఎండల్లో ఈ వేషమా?' అంటారు. న్యాయమైన మాటే. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు కొత్త కాదు. అందుకని తొడుగులు మానకూడదు, వేళ మార్చుకోవాలి. తెల్లవారి ఆరుకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించండి. ఇరవై నిమిషాలకొకసారి నీడన కూర్చుని నీళ్లు తాగండి. వడదెబ్బకు కళ్లు తిరిగే మనిషి చేతిలో ఆ మిషను ఉంటే ఏ తొడుగూ కాపాడదు. కల్లు, సారా ముట్టిన రోజున దాని జోలికే పోవద్దు.

'రెండు కొమ్మలకు అంత ఖర్చా?' అంటారు. రెండు కొమ్మలకైతే మిషనే అక్కర్లేదు. గొడ్డలి, చేతిరంపం ఉన్నాయి. అంతకన్న పెద్ద పనైతే తొడుగులున్న పనివాణ్ని పిలవండి. అన్నీ కొన్నా నెల రోజుల ఆసుపత్రి ఖర్చు ముందు, పోయిన జీతం ముందు అవి లెక్కలోకి రావు.

కూలికి మనిషిని పిలిచేవారికి ఇంకో మాట. 'వాడి తిప్పలు వాడు పడతాడు' అనుకోకండి. బేరం చేసేటప్పుడే హెల్మెట్టు, బూట్లు, కాళ్ల తొడుగు ఉన్నాయా అని అడగండి. లేవంటే పని వాయిదా వేయండి. మీ వాకిట్లో పడేది వాడి నెత్తురే అయినా, ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది.

తొడుగులు ఒక్కటే చాలవు

మిషనును భుజాలకన్న ఎత్తుకు లేపి కోయకూడదు. నిచ్చెన మీద, గోడ మీద నిలబడి కోయకూడదు. ఒంటి చేత్తో పట్టుకోకూడదు. రెండు చేతుల బొటనవేళ్లూ పిడి చుట్టూ రావాలి. పట్టీ కొసతో కోయకూడదు. ముందు పిడి దగ్గర బ్రేకు ఉంటుంది. అది పనిచేస్తున్నదో లేదో మొదలుపెట్టకముందే చూడాలి. రెండడుగులు నడవాలన్నా బ్రేకు వేసి నడవాలి. చెట్టునే పడగొడుతుంటే చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు. కొమ్మ పట్టుకోవడానికి పిల్లల్ని పిలిచే తండ్రులున్నారు. దయచేసి ఆ పని చేయకండి. తీగలకు దగ్గరగా ఉన్న కొమ్మ మీది కాదు, కరెంటు ఆఫీసువారిది. వారికి చెప్పి సరఫరా ఆపించాకే ఎవరైనా చెయ్యి పెట్టాలి. పెట్రోలు పోసేముందు మిషనును ఆపి చల్లారనివ్వండి. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. దెబ్బ తగిలితే గాయాన్ని అదిమిపట్టే చెయ్యి ఒకటి దగ్గరుండాలి.

దెబ్బ తగిలితే

1. ముందు మిషను ఆపండి. మనిషిని పడుకోబెట్టండి.

2. శుభ్రమైన గుడ్డను మడిచి గాయం మీద పెట్టి రెండు చేతులతో గట్టిగా అదిమిపట్టండి. తడిస్తే తీయకండి; దాని మీదనే ఇంకొకటి పెట్టి అదమండి. పసుపు, కాఫీ పొడి, సున్నం, కిరసనాయిలు వద్దు. వాటిని కడిగి తీయడానికి మాకు అరగంట పడుతుంది.

3. చేతికో కాలికో తగిలిన గాయం నుంచి నెత్తురు చిమ్ముతూ, ఎంత అదిమినా ఆగకపోతే, గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టండి. కట్టు మధ్య కర్ర పెట్టి నెత్తురు ఆగేవరకు మెలితిప్పండి. కట్టిన వేళ రాసి పెట్టండి. దారిలో విప్పకండి. సన్నని తాడు, తీగ వాడకండి.

4. వేలు తెగిపడితే శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లలో ఉంచి తీసుకురండి. వేలును నేరుగా ఐసు మీద పెట్టకండి.

5. కంట్లో పుల్ల దిగితే నలపకండి, లాగకండి. కంటిని నొక్కకుండా దాని మీద కాగితపు కప్పు బోర్లించి కట్టి తీసుకురండి.

6. 108కి ఫోను చేయండి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు. గాయం చిన్నదైనా ధనుర్వాతం టీకా సంగతి డాక్టరును అడగండి.

మొదట చెప్పిన మనిషి మొన్నామధ్య ఓపీలో కనిపించాడు, మనవడికి జ్వరమని. కుంటుతూనే వచ్చాడు. భార్య కూడా ఉంది. "ఇప్పుడు చెట్టు పని ఎవరు చేస్తున్నారమ్మా?" అని అడిగాను.

"అల్లుడు సారూ. అన్ని తొడుక్కున్నంకనే మిషను చేతికిస్త. లేకుంటె నా దగ్గర్నే ఉంటది."

ఈ శీర్షిక చదివే ఇల్లాళ్లందరికీ నేను చెప్పదలచుకున్నది అంతే. మొదటి షిఫ్టుకు పోయేటప్పుడు అన్నం గిన్నె పెట్టారా, టోపీ తీసుకున్నారా అని అడుగుతారు గదా. ఆదివారం పొద్దున వాకిట్లో మిషను చప్పుడు మొదలు కాకముందే అదే మాట ఇంకొకసారి అడగండి. హెల్మెట్టు తలుపు వెనక మేకుకే ఉంటే, మిషను మొదలు కానివ్వకండి.